తోమిన మెడల్

పెళ్ళిచూపులకి టీ ట్రే పట్టుకుని రావలసిన అమ్మాయి గాజుమూత పెట్టె పట్టుకుని వచ్చింది.

షామ్‌బర్గ్‌లోని ఆ టౌన్‌హౌస్ హాల్లో అందరి కళ్ళూ ఒక్కసారి ఆమె చేతుల మీదికి వెళ్ళాయి. సోఫాలో, మడత నలగని చొక్కాలో ఆమోసు. అతని పక్కన, సంబంధం చూడటానికి చికాగో నుంచి అతన్ని వెంటబెట్టుకొచ్చిన మేనత్త మణి. ఎదుటి కుర్చీలో రూతు తండ్రి దైవాశీర్వాదం. వంటింటి గుమ్మంలో పకోడీల ప్లేటుతో తల్లి.

"టీ అమ్మ తెస్తుంది. నేను ఇది తెచ్చాను," అంది రూతు. "నా సంగతి మీకు ఎలాగూ తెలియాలి కదా. ముందే తెలిస్తే మంచిది."

పెట్టెని కాఫీ టేబుల్ మీద పెట్టింది. నీలం వెల్వెట్ మీద బిళ్ళలు, శిలువలు. ఒక్కోదానికి ఒక్కో రంగు రిబ్బను.

ఆమోసు వంగి చూశాడు. "స్కూల్లో గెలుచుకున్నారా? రన్నింగ్ రేసా?"

"పరుగెత్తినవాళ్ళకి ఇవి ఇవ్వరు. నిలబడ్డవాళ్ళకి ఇస్తారు."

అతని నవ్వు సగంలో ఆగింది. తల్లి చేతిలో ప్లేటు కొంచెం వంగి ఒక పకోడీ కార్పెట్ మీద పడింది. ఎవరూ తీయలేదు.

"జర్మన్ మిలిటరీ మెరిట్ మెడల్స్," అని రూతు వివరించింది. ఆమె టౌన్‌షిప్ లైబ్రరీలో పనిచేస్తుంది. ఎవరు ఏం అడిగినా పూర్తిగా చెప్పడం అక్కడ అలవాటైంది. "1918 దాకా జర్మనీలో చిన్న చిన్న రాజ్యాలుండేవి. బవేరియా, సాక్సనీ, వుర్టెంబర్గ్. యుద్ధంలో బాగా పనిచేసిన సైనికుడికి ఎవరి రాజు వాళ్ళ మెడల్ ఇచ్చేవాడు. ఇప్పుడు ఆ రాజులూ లేరు, ఆ రాజ్యాలూ లేవు. ఇవే మిగిలాయి."

మణి సోఫాలో కొంచెం వెనక్కి జరిగింది. "జర్మన్లంటే... ఆ హిట్లర్ బాపతా అమ్మాయ్?"

"కాదు ఆంటీ. వాడు రాకముందువి. వాడి గుర్తు ఉన్నది ఒక్కటి కూడా నా పెట్టెలోకి రాదు. అది నా రూల్."

"ఏ కాలంవైతే ఏంటిలే, చచ్చినవాళ్ళ వస్తువులు. ఆడపిల్ల దాచుకుంటే బంగారం దాచుకోవాలి. పెళ్ళికి ముందే ఎవరికైనా అమ్మేస్తే సరిపోతుంది. ఏమంటారు అన్నయ్యగారూ?"

దైవాశీర్వాదం తల ఊపబోయాడు.

"ఇవి రాని ఇంటికి నేనూ రాను ఆంటీ," అంది రూతు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది, సర్దిచెప్పడానికి పెద్దవాళ్ళకి వీలుండేది.

"రూతూ, బీ ప్రాక్టికల్," అన్నాడు తండ్రి. ఆయనకి కోపం ఇంగ్లీషులో వస్తుంది.

ఆమోసు ఒక్కడే ఇంకా పెట్టె వైపు చూస్తున్నాడు. "వీటిలో మీకు బాగా ఇష్టమైంది ఏది?"

ఆ ప్రశ్న ఇంతవరకూ ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు. రూతు జేబులోంచి తెల్లటి కాటన్ గ్లవ్స్ తీసి అతని ముందు పెట్టింది. "ముందు ఇవి వేసుకోండి. చేతి చెమట వెండికి పడదు."

"పెళ్ళికూతురి చెయ్యి పట్టుకోవడానికి కూడా ఇన్ని రూల్స్ ఉండవేమో!"

"పెళ్ళికూతుర్ని ఇంకా ఎవరూ అడగలేదు."

అతను బుద్ధిగా గ్లవ్స్ వేసుకున్నాడు. రూతు అతని అరచేతిలో నల్లబడిన వెండి బిళ్ళ ఒకటి పెట్టింది. ఒక వైపు గడ్డం ఉన్న రాజు తల. రెండో వైపు ఆకుల దండ మధ్య జర్మన్ అక్షరాలు.

"వుర్టెంబర్గ్ రాజుది. దాని మీద 'ధైర్యానికీ, నమ్మకత్వానికీ' అని ఉంటుంది. మిసెస్ క్రౌస్ అని, చిన్నప్పుడు మేం చికాగోలో వెళ్ళే లూథరన్ చర్చిలో ఒకావిడ. మేం గుంటూరు లూథరన్లం, ఆవిడ జర్మన్ లూథరన్. ఒకరి భాష ఒకరికి రాకపోయినా పాటల రాగాలు ఒకటే. అమ్మానాన్న ఉద్యోగాల నుంచి వచ్చేదాకా నన్ను ఆవిడే చూసుకునేది. ఇది వాళ్ళాయనది. కొడుకులకిస్తే గరాజ్ సేల్‌లో పాత సామానుతో పాటు అమ్మేస్తారని నాకిచ్చింది."

ఆమోసు బిళ్ళని వెలుగు వైపు తిప్పాడు. "పాపం, ఎంత నల్లబడిపోయిందో," అన్నాడు మెల్లగా.

ఆ మాట రూతు విన్నది. పట్టించుకోలేదు. తర్వాత చాలాసార్లు గుర్తుచేసుకుంది.

*

పెద్దవాళ్ళు "ఆలోచించి చెబుతాం" అనుకున్నారు. మణి మాత్రం వెళ్తూ గుమ్మంలో తేల్చేసింది: పెట్టె అమ్మితేనే సంబంధం.

వారం తిరగకుండా ఆమోసు లైబ్రరీకి ఫోన్ చేశాడు. "సాక్సనీ మీద పుస్తకం ఉందా అండీ?"

"ఉంది. ఎందుకు?"

"చదవడానికి కాదు. తిరిగి ఇవ్వడానికి మళ్ళీ రావచ్చు కదా అని."

అలా మొదలైంది. జూన్‌లో ఒక శనివారం, మెడల్ కలెక్టర్లు అమ్ముకునే, మార్చుకునే స్వాప్ మీట్‌కి రూతు వెళ్తుంటే అతను డ్రైవ్ చేస్తానన్నాడు. ఆ కారుకి ఒక వైపర్ పనిచేయదు. సరిగ్గా ఆ రోజే వాన. పనిచేసే వైపర్ రూతు వైపుంది.

"మీకు రోడ్డు కనిపిస్తోందా?" అంది రూతు.

"లేదు. మీరు చెబుతూ ఉండండి."

"ఎడమకి! ఎడమకి అన్నాను!"

"ఇలా అరిచే మనిషి పక్కనుంటే ఏ వానైనా ఫర్వాలేదండీ."

ఎల్జిన్ దగ్గర మాజీ సైనికుల హాల్లో బల్లలు వరసగా వేసి ఉన్నాయి. అమ్మేవాళ్ళు అందరూ మగవాళ్ళే, కొనేవాళ్ళు కూడా. మొదటి బల్ల దగ్గరే ఒకాయన నవ్వుతూ పలకరించాడు, "మీ హస్బెండ్ కోసమా, హనీ?"

"కాదు. మా హస్బెండ్ ఇంట్లో వంట చేస్తున్నాడు," అంది రూతు ఇంగ్లీషులో.

పక్కనే ఉన్న ఆమోసు తెలుగులో అడిగాడు, "ఏం కూరండీ?"

రూతు పెదవి బిగించినా నవ్వు ఆగలేదు.

ఇంకో బల్ల దగ్గర ఒక పొడుగాటి మనిషి ఆమెని పైనుంచి కిందికి చూశాడు. ఇండియన్ అమ్మాయికి జర్మన్ మెడల్స్‌తో ఏం పని అని అడిగాడు.

"మీరెక్కడివాళ్ళు?" అంది రూతు.

"మా తాతలు నార్వే వాళ్ళు."

"మరి మీకేం పని?"

అతను జవాబు చెప్పేలోగా రూతు పక్క బల్లకి వెళ్ళిపోయింది. మూలనున్న ఒక పెద్ద బల్లని మాత్రం చూడకుండా దాటింది. హిట్లర్ కాలపు సరుకంతా దాని మీదే ఉంది.

తిరిగొచ్చేటప్పుడు ఆమోసు తన సంగతులు చెప్పాడు. రేపల్లెలో వాళ్ళమ్మ ప్రతి శనివారం చర్చిలో ప్రభువు బల్లకి ద్రాక్షరసం పోసే వెండి గిన్నెలు తోమేది. ఇంకెవరి చెయ్యీ పడనిచ్చేది కాదు. ఆవిడ పోయాక, ఇక్కడికి చదువుకి వచ్చేదాకా ఆ పని అతనే చేశాడు.

"మగపిల్లాడివి నీకెందుకురా అని అందరూ నవ్వేవాళ్ళు. నవ్వుకోనీ అని ఇంకొంచెం గట్టిగా తోమేవాణ్ణి."

రూతుకి ఆ మాట నచ్చింది. నవ్వేవాళ్ళ మధ్య తన పని తను చేసుకునేవాళ్ళంటే ఆమెకి గౌరవం.

*

అక్టోబర్‌లో మెడల్ కలెక్టర్ల క్లబ్ వాళ్ళ పెద్ద షో. రూతు మొదటిసారి తన పెట్టెని పోటీలో పెడుతోంది. ఆ మాట విన్నాక ఇంట్లో గాలి మారింది.

"వీధిలో పెట్టుకుంటావా ఇప్పుడు? మణిగారికి ఏం చెప్పమంటావ్?" అన్నాడు తండ్రి.

"షోకి రమ్మని చెప్పండి."

ఆమోసు ఫ్రేము తను చేస్తానన్నాడు. అతను చదివే కాలేజీలో వర్క్‌షాప్ ఉంది. వుర్టెంబర్గ్ మెడల్ మధ్యలో రావాలి కాబట్టి కొలతకి దాన్ని తీసుకెళ్ళాడు. రూతు ఆ బిళ్ళని ఇంకొకరి చేతికివ్వడం అదే మొదలు. గ్లవ్స్ కూడా ఇచ్చింది.

షోకి వారం ముందు అతను వచ్చాడు. వాల్‌నట్ చెక్క ఫ్రేము. మూలలు ఎంత బాగా కలిశాయో చూసి రూతు తల్లి కూడా వేలితో తడిమింది. తర్వాత అతను రుమాలు మడత విప్పి మెడల్ చూపించాడు.

వెండి తళతళలాడుతోంది. కొత్త రూపాయిలా ఉంది.

రూతు వంగి రాజు తల వైపు చూసింది. "నువ్వు... దీన్ని కడిగావా?"

"తోమాను!" అతని మొహం కూడా వెండిలాగే మెరుస్తోంది. "పళ్ళపొడి, నిమ్మరసం, మెత్తటి బ్రష్. ఎంతసేపు పట్టిందో! చూడండి, మీ మొహం కనిపిస్తుంది."

కనిపిస్తోంది. ఆ నలుపు లేదు. రాజు గడ్డంలో సన్నటి గీతలు అరిగి నునుపైపోయాయి.

"ఆ నలుపు మురికి కాదు. దాని వయసు. తోమిన మెడల్‌ని ఏ కలెక్టరూ ముట్టుకోడు. పోయింది. ఇంక రాదు." రూతు మెడల్‌ని మళ్ళీ రుమాల్లో చుట్టేసింది. "మీ అత్తయ్య చెప్పిందా? అమ్మనంటే చెడగొట్టెయ్యమందా?"

అతని మొహంలో వెలుగు ఆరిపోయింది. ఒక్క మాటతో ఇంత మారే మొహం ఉంటుందని రూతు అప్పటిదాకా చూడలేదు.

"అలా అనుకున్నారా?" అన్నాడు. ఫ్రేముని గోడకి ఆనించాడు. గ్లవ్స్ జేబులోంచి తీసి మడిచి దాని మీద పెట్టాడు. బయట వాన పడుతోంది. రూతు తల్లి గొడుగు ఇస్తానన్నా తీసుకోలేదు.

తండ్రి చాలాసేపు టీవీ వైపు చూస్తూ కూర్చున్నాడు. అది ఆన్‌లో లేదు. "సంబంధం పోయినట్టే. ఇంక ఆ పెట్టె కూడా తీసెయ్. మంచి మెడల్ కూడా పాడైపోయింది కదా."

"సంబంధం పోయినా పెట్టె ఉంటుంది నాన్నా."

*

తెలుగు ఆరాధన ఆదివారం మధ్యాహ్నం, అద్దెకి తీసుకున్న చర్చి బేస్‌మెంట్‌లో జరుగుతుంది. ఆరాధన అయ్యాక కుర్చీలు మడతపెడుతుంటే మణి వచ్చి రూతు ఎదురుగా నిలబడింది.

"వందనాలు ఆంటీ."

"నీ వందనాలు నీ దగ్గరే ఉంచుకో. మా వాడు ఏం పాపం చేశాడని అంత మాటన్నావ్? నేను చెడగొట్టమన్నానా? నాకు అంత తెలివుంటే మా ఆయన్నే బాగుచేసుకుందును!"

చుట్టుపక్కల కుర్చీల చప్పుడు ఆగింది. మణి గొంతు తగ్గించింది.

"వాళ్ళమ్మ చేసిన పని తల్లీ అది. ఇక్కడికొచ్చాక వాడికి ఆ పనే లేదు. చూడు..." ప్రభువు బల్ల వైపు చెయ్యి చూపించింది. స్టీలు ట్రేలో ప్లాస్టిక్ కప్పులు. "వీటిని తోమేదేముంది? తాగి పారేస్తాం. నీ బిళ్ళ చేతికొచ్చేసరికి వాడికి ప్రాణం లేచొచ్చింది. నల్లటి వెండి బల్ల మీద పెడితే అవమానమని వాడి లెక్క. రుద్దుతున్నంతసేపూ పాట పాడుతూనే ఉన్నాడు. నీకు తెలుసో లేదో, వాడి పాట వినలేం."

రూతు ట్రే వైపు చూసింది. కారులో విన్న మాటలు, పెళ్ళిచూపుల నాటి మాట కూడా, వరసగా తిరిగొచ్చాయి. పాపం, ఎంత నల్లబడిపోయిందో.

గడ్డంలో పోయిన గీతలు పోయినవే. దాని మీద రూతు అభిప్రాయం మారలేదు. కానీ కావాలని చెడగొట్టాడన్న మాట తప్పు. రెండూ వేరు వేరు సంగతులని ఆమె అప్పుడే విడదీసుకుంది.

సాయంత్రం ఫోన్ చేసింది. "కావాలని చెడగొట్టావన్నది నా తప్పు. సారీ. తోమింది నీ తప్పు. దానికి నువ్వు చెప్పు."

"సారీ," అన్నాడు అటునుంచి. వెంటనే, "నన్ను 'నువ్వు' అన్నారు," అన్నాడు.

"మొన్న తిట్టినప్పుడే అన్నాను. విన్లేదా?"

"అప్పుడు ఎంజాయ్ చేసే మూడ్‌లో లేను."

"శనివారం షోకి రా. మాట్లాడొద్దు. చూడు చాలు."

*

శనివారం కూడా వానే. మిసెస్ క్రౌస్‌ని తీసుకురావడానికి దైవాశీర్వాదం కారు తీశాడు. షోకి రానన్న మనిషి, ముసలావిడని వానలో బస్సులో రమ్మనలేక ఒప్పుకున్నాడు.

రూతు అప్పటికే పెట్టె అమర్చింది. వాల్‌నట్ ఫ్రేములో, నల్లటి వెండి మధ్య, ఒక్కటే తళతళలాడుతోంది. హాల్లో ఆ చివర నుంచి కూడా ముందు అదే కనిపిస్తోంది.

పోటీ జడ్జి హాకిన్స్ మార్కులు రాసే అట్టతో వచ్చాడు. మర్యాదస్తుడు. మెడల్స్ గురించి ఆయనకి తెలియనిది తక్కువ. మధ్యలోకి వచ్చేసరికి కళ్ళజోడు సర్దుకున్నాడు.

"మిస్, దీన్ని ఎవరో పాలిష్ చేశారు."

"అవును సర్."

"మిగతావి చాలా బాగున్నాయి. నా మాట విని ఇది తీసెయ్యండి. లేకపోతే పాయింట్లన్నీ దీనికే పోతాయి."

"తీయను."

"మీకు ప్రైజు వచ్చే అవకాశం ఉంది. అర్థమవుతోందా?"

"అర్థమైంది సర్. పోతే పోనీయండి. మనం ప్రతి మెడల్‌కీ అది ఎవరెవరి చేతులు మారి వచ్చిందో రాసి పెట్టుకుంటాం కదా? దీనికి జరిగింది కూడా రాశాను. దాచిపెడితే నేను కలెక్టర్ని ఎలా అవుతాను?"

హాకిన్స్ కిందికి వంగి కార్డు చదివాడు. వుర్టెంబర్గ్ మిలిటరీ మెరిట్ మెడల్, వెండి. ఒట్టో క్రౌస్, 1916. తోమినది: ఆమోసు, రేపల్లె, ఆంధ్రప్రదేశ్, 1983.

"రేపల్లె," అని ఆయన తనకి చేతనైనట్టు పలికాడు. అట్ట మీద ఏదో రాసుకుని, తల అడ్డంగా ఊపుతూ వెళ్ళిపోయాడు.

వెనక ఎవరో ముక్కు చీదిన చప్పుడైంది. రూతు తిరిగి చూసింది. స్తంభం పక్కన ఆమోసు. అతని వెనక తడిసిన గొడుగుతో మణి. తలుపు దగ్గర, కర్ర పట్టుకున్న మిసెస్ క్రౌస్‌ని నడిపిస్తూ తండ్రి. జడ్జితో మాట్లాడిందంతా ఆయన విన్నాడని మొహం చూస్తేనే తెలుస్తోంది.

రూతు భయపడ్డది ఈ ఒక్క క్షణానికే. జడ్జికి ఎదురు చెప్పడం ఏమంత కష్టం? ఈవిడకి ఏం చెబుతుంది?

మిసెస్ క్రౌస్ గాజు మీదికి వంగింది. చాలాసేపు చూసింది. గాజు మీద ఆవిడ ఊపిరి మచ్చలా పడి చెరిగిపోయింది.

"ఒట్టో ప్రతి ఈస్టర్‌కీ తనే తోముకునేవాడు," అంది. "వంటింట్లో, చొక్కా చేతులు మడిచి. నన్ను ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఆయన పోయాక నాకు తోమడానికి మనసు రాలేదు. అలా నల్లబడిపోయింది." రూతు చెయ్యి పట్టుకుంది. "నేను పెళ్ళాడిన రోజున ఆయన గుండెల మీద ఇలాగే ఉంది చైల్డ్. ఎవరు చేశారు?"

రూతు ఆమోసు వైపు చూపించింది. ఆవిడ అతన్ని తేరిపార చూసింది. "గట్టిగా రుద్దేశాడు. ఒట్టో కూడా అంతే. చెబితే వినేవాడు కాదు."

మణి ఈలోగా కళ్ళజోడు పెట్టుకుని కార్డు చదువుతోంది. ఒకసారి చదివింది. పక్కనున్న మనిషిని, స్వాప్ మీట్‌లో కనిపించిన ఆ నార్వే ఆయన్ని, మోచేత్తో జరిపి మళ్ళీ చదివింది.

"ఒరే ఆమోసూ! మన రేపల్లె రా! అమెరికాలో గాజు పెట్టెలో మన ఊరి పేరు పెట్టారు రా!" రూతు వైపు తిరిగింది. "అమ్మాయ్, ఈ పెట్టె అమ్మేస్తే ఈ కార్డు కూడా పోతుందా?"

"పోతుంది ఆంటీ."

"అయితే అమ్మొద్దు," అంది మణి. అంతకుముందు ఎవరో వేరేవాళ్ళు అమ్మమన్నట్టు చుట్టూ చూసింది కూడా.

దైవాశీర్వాదం గొంతు సవరించుకున్నాడు. "నా కూతురు జడ్జికి చెప్పిన మాట విన్నారా మణిగారూ? పోతే పోనీయండి, అంది. నాతో కూడా అలాగే అంటుంది." తర్వాత తెలుగులోనే అన్నాడు, "అననీండి."

ప్రైజు ఎవరికో వచ్చింది. హాల్ ఖాళీ అవుతుంటే రూతు, ఆమోసు కలిసి పెట్టె సర్దుతున్నారు. రూతు చేతులకి తెల్లటి గ్లవ్స్. ఆమోసు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

"సాయం చెయ్యవా?"

"భయం. మళ్ళీ ఏదైనా మెరిసిపోతే?"

"ఇంకోసారి నన్నడక్కుండా నా పెట్టెలో చెయ్యి పెట్టావంటే చూడు."

"అడిగి పెట్టొచ్చా?"

"పెట్టొచ్చు. గ్లవ్స్ వేసుకుని."

"జీవితాంతం గ్లవ్సేనా రూతూ?"

ఆమె చివరి మెడల్ వెల్వెట్ మీద సరిగ్గా కూర్చోబెట్టి, మూత వేసి, గొళ్ళెం పెట్టింది. తర్వాత కుడి చేతి గ్లవ్ మెల్లగా ఊడదీసి జేబులో పెట్టుకుంది. చెయ్యి చాపింది.

"దీనికి చెమట అంటినా ఏం కాదు."

బయట వాన. కారుకి ఇంకా ఒక్క వైపరే. దారి పొడుగునా "ఎడమకి" అంటూ రూతు అరుస్తూనే ఉంది. ఆమోసు పాట పాడుతూనే ఉన్నాడు. వెనక సీట్లో గాజు పెట్టెని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మణి, చీర కొంగుతో దాని మూత తుడవబోయి ఆగింది.

"అమ్మాయ్," అంది, "గాజు తుడవొచ్చా?"